కొట్లాడుకున్న కుందేళ్లు.. మళ్లీ కలిసేదెలా?

* తొందరపడితే ప్రాణాలకే ముప్పు
* ముందు గాయాలు మానాలి.. ఆ తర్వాతే పరిచయం
* ఎండాకాలంలో ప్రయత్నం వద్దు
* పొసగని పక్షంలో పక్కపక్కనే వేరు గూళ్లు

నల్లగొండ/మహబూబ్‌నగర్: నిన్నటిదాకా ఒకే గరిక పోచను చెరోవైపు నుంచి కొరుక్కుతిన్న రెండు కుందేళ్లు తెల్లవారేసరికి ఒంటినిండా గాయాలతో కనిపిస్తాయి. గూటినిండా పీకిన బొచ్చు, చీలిన చెవి, మూలకు నక్కి వణుకుతున్న ఓ ప్రాణి. ఇంట్లో పిల్లలు ఏడుపందుకుంటారు. పెద్దలు రెంటినీ గదమాయించి, గాయపడినదాన్ని కాసేపు నిమిరి, సాయంత్రానికి మళ్లీ అదే గూట్లో వేస్తారు. రెండోసారి జరిగే పోరు మొదటిదానికంటే తీవ్రంగా ఉంటుంది. కుందేళ్లు పెంచే ఇళ్లలో తరచూ ఎదురయ్యే చిక్కు ఇది. దీనికి పరిష్కారం ఉంది. అయితే అది ఒక్కరోజులో అయ్యే పని కాదు. అన్ని సందర్భాలలోనూ ఫలించేదీ కాదు. కలపాలా, విడిగా ఉంచాలా అన్నది యజమాని ఆలోచించి తేల్చుకోవలసిన విషయం.

పిల్లల ముచ్చట కోసం హైదరాబాద్ చార్మినార్ సమీపంలోని ముర్గీ చౌక్ వంటి అంగళ్ల నుంచో, పెంపకందారుల నుంచో రెండు పిల్లలను తెచ్చుకోవడం ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పట్టణాలలో మామూలే. ఒక్కటి ఉంటే దిగులు పడుతుందని రెండు కొంటారు. ఆ ఆలోచన సరైనదే. కుందేలు ఒంటరిగా బతికే జీవి కాదు. కానీ అంగట్లో అమ్మే పిల్లల వయసు రెండు నెలలు కూడా ఉండదు. ఆ వయసులో ఏ రెండింటిని కలిపినా స్నేహంగానే ఉంటాయి. అసలు పరీక్ష నాలుగో నెల నుంచి మొదలవుతుంది.

చెవులపిల్లి వేరు.. కుందేలు వేరు

మన చేలగట్ల మీద, కంది, జొన్న చేలలో, నల్లమల అంచుల్లో కనిపించేది చెవులపిల్లి. ఇళ్లలో పెంచుకునే కుందేలు ఐరోపాకు చెందిన వేరే జాతి. చూపుకు దగ్గరగా ఉన్నా రెంటి స్వభావం వేరు. చెవులపిల్లి బొరియ తవ్వదు. పొదల నీడన ఒంటరిగా పడుకుంటుంది. దాని పిల్లలు ఒంటినిండా బొచ్చుతో, తెరిచిన కళ్లతో పుడతాయి. పెంపుడు కుందేలు పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతాలలో నేలలో బొరియలు తవ్వుకుని గుంపులుగా నివసించేవి. వాటి పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి.

ఈ తేడా తెలియక కొందరు పొలంలో దొరికిన చెవులపిల్లి కూనను తెచ్చి పెంపుడు కుందేలుతో కలిపి ఉంచాలని చూస్తారు. ఆ రెంటికీ ఎన్నడూ పొత్తు కుదరదు. పైగా చెవులపిల్లి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందిన జంతువు. దాన్ని పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. ఇక్కడ చెప్పుకుంటున్నదంతా పెంపుడు కుందేళ్ల గురించే.

వైరం ఎందుకు వస్తుంది?

గుంపుగా బతికే జంతువులలో పెద్దరికం కోసం పెనుగులాట సహజం. కుందేళ్లలో మగవాటి మధ్య ఒక వరుస, ఆడవాటి మధ్య మరో వరుస ఏర్పడుతుందని 1950, 60 దశకాలలో ఆస్ట్రేలియాలో వాటిపై పరిశోధన చేసిన రోమన్ మైకిటోవిచ్ వివరించారు. గడ్డం కింద ఉండే గ్రంథి వాసనను రాళ్లకు, గడ్డికి, తోటి కుందేళ్లకు పూసి 'ఇది నాది' అని చాటుకుంటాయని, పెద్దరికం ఉన్నవే ఎక్కువగా పూస్తాయని కూడా ఆయన గమనించారు. మన ఇంట్లో కుందేలు తలుపు మూలకో, మంచం కోడుకో గడ్డం రాయడం కనిపిస్తే అర్థం అదే.

విశాలమైన బీడులో ఓడిన కుందేలు పారిపోతుంది. గెలిచినది కొద్దిదూరం తరిమి ఊరుకుంటుంది. పోరు అక్కడితో ముగుస్తుంది. మూడడుగుల గూట్లో ఓడినదానికి పారిపోయే దారి లేదు. అందుకే అడవిలో నిమిషంలో తేలిపోయే తగవు ఇంట్లో ప్రాణాల మీదకు వస్తుంది.

వైరానికి దారితీసే ముఖ్య కారణాలు ఇవి.

ఈడు రావడం: చిన్న జాతులు మూడున్నర, నాలుగు నెలలకే, పెద్ద జాతులు ఐదారు నెలలకు ఈడుకు వస్తాయి. అప్పటిదాకా అన్నదమ్ముల్లా ఉన్న రెండు మగవి ఒక్కసారిగా శత్రువులవుతాయి. పక్క గూట్లో ఆడది ఉంటే పోరు మరింత ముదురుతుంది.

లింగ నిర్ధారణలో పొరపాటు: చిన్న వయసులో ఆడ, మగ తేడా పోల్చడం కష్టం. పెద్ద మగ కుందేలు సైతం భయపడినప్పుడు వృషణాలను పొట్టలోకి లాక్కోగలదు. 'రెండూ ఆడవే' అని చెప్పి అమ్మినవాటిలో ఒకటి మగది కావడం అరుదేమీ కాదు.

చూలు, ఉత్తుత్తి చూలు: పశువులలో వలె 21 రోజులకోసారి ఎదకు రావడమనేది కుందేళ్లలో లేదు. మగదానితో కలిసిన తర్వాతే అండం విడుదలవుతుంది. ఒక ఆడది మరో ఆడదాని మీదికి ఎక్కినా ఒక్కోసారి ఇదే జరిగి, చూలు లేకున్నా ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. సుమారు 16 నుంచి 18 రోజులపాటు గడ్డి పోగుచేయడం, ఒంటి బొచ్చు పీక్కుని గూడు కట్టడం, దగ్గరికొచ్చినదాన్ని కరవడం చేస్తుంది.

కొత్త వాసన: రెంటిలో ఒకదాన్ని మాత్రమే ఆసుపత్రికి తీసుకెళ్లి తెస్తే, దాని ఒంటికి అంటిన మందుల వాసన వల్ల రెండోది గుర్తుపట్టక మీదపడుతుంది.

లోపలి నొప్పి: పంటి సమస్య, కడుపు ఉబ్బరం, కాలి పుండు ఉన్న కుందేలు చిరాకుతో కరుస్తుంది. లేదా బలహీనపడినదాన్ని రెండోది తరుముతుంది. అంతవరకు సఖ్యంగా ఉన్న పెద్ద వయసు కుందేళ్లు హఠాత్తుగా కొట్లాడితే మొదట అనుమానించవలసింది జబ్బునే.

మొదటి గంటలో ఏం చేయాలి?

పోట్లాడుతున్న కుందేళ్ల మధ్య వట్టి చేతులు పెట్టరాదు. వాటి ముందు పళ్లు వేలిని ఎముకదాకా కోయగలవు. మధ్యలో చేటనో, అట్టముక్కనో అడ్డం పెట్టాలి. ఒకదానిపై వెదురు గంప బోర్లించడం, మందపాటి తువ్వాల కప్పి ఎత్తడం సులువైన మార్గాలు. చెవులు పట్టి ఎన్నడూ ఎత్తరాదు. ఒక చెయ్యి ఛాతీ కింద, మరో చెయ్యి పిరుదుల కింద ఉంచి ఒంటికి ఆనించి పట్టుకోవాలి. వెనుక కాళ్లకు ఆధారం లేకుండా ఎత్తితే అది బలంగా తన్నుకుంటుంది. ఆ విసురుకు వెన్నెముక విరిగిపోయే ప్రమాదం ఉంది.

విడదీసిన వెంటనే వేరు వేరు గదులలో ఉంచి ఒక్కోదాన్ని నిదానంగా పరిశీలించాలి. కుందేలు బొచ్చు దట్టం. పైకి రక్తం కనిపించకున్నా లోపల పంటి గాట్లు ఉంటాయి. కనురెప్పలు, చెవులు, మెడ వెనుక, పొట్ట, తోక కింద, మర్మావయవాలు తప్పక చూడాలి. మగవి కొట్లాడితే వృషణాల దగ్గర కోతలు పడటం సాధారణం.

చిన్న గాట్లయితే కాచి చల్లార్చిన లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపి దూదితో తుడవాలి. పసుపు, సున్నం వంటివి పట్టిస్తే నాకుతుంది. లోతైన గాయం, కంటి గాయం, చర్మం చీలడం, కాలు ఈడ్చడం కనిపిస్తే అదేరోజు పశువైద్యుడికి చూపించాలి. పంటి గాటు పైకి మానినట్టు కనిపించి లోపల చీము పట్టవచ్చు. కుందేలు చీము వెన్నలా గట్టిగా ఉంటుంది. దానంతట అది కారిపోదు. అందువల్ల రెండు మూడు వారాలపాటు గాయమైన చోట గడ్డ ఏదైనా తగులుతోందేమో వేళ్లతో తడిమి చూస్తుండాలి. తడి, రక్తం ఉన్నచోట ఈగలు వాలి పురుగులు పడకుండా జాగ్రత్త పడాలి.

అన్నిటికంటే ముఖ్యమైన హెచ్చరిక మందుల విషయంలో. మనుషులకు వాడే అమాక్సిసిలిన్ బిళ్లలో, సిరప్పో ఇంట్లో ఉంది కదా అని నోటి ద్వారా పట్టించడం కుందేలు ప్రాణం తీసినంత పని. పెన్సిలిన్ తరగతి మందులు, క్లిండామైసిన్, లింకోమైసిన్ నోటి ద్వారా ఇస్తే దాని పేగులలోని మేలు చేసే సూక్ష్మజీవులు నశించి, విషం పుట్టి, కొద్దిరోజులలో మరణిస్తుంది. కుక్కలకు గోమార్ల కోసం వాడే ఫిప్రోనిల్ మందు కూడా కుందేళ్లకు విషమే. ఏ మందైనా కుందేలుకని చెప్పి వైద్యుడి చేత రాయించుకున్నదే వాడాలి.

కొట్లాట తర్వాత బెదిరిపోయిన కుందేలు మేత మానేయవచ్చు. పన్నెండు గంటలపాటు ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా అది అత్యవసర పరిస్థితే. దాని పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. అవి నిలిచిపోతే గాయం వల్ల చావని కుందేలు ఆకలి వల్ల చస్తుంది.

కలపాలా? విడిగా ఉంచాలా?

గాయాల సంగతి చూసుకున్నాక అసలు ప్రశ్న వస్తుంది. ఇక్కడ నాలుగు విషయాలు లెక్కలోకి తీసుకోవాలి. అవి లింగం, ఈడు, గాయాల తీవ్రత, ఇంట్లో ఉన్న చోటు.

రెండూ ఈడొచ్చిన మగవై, శస్త్రచికిత్స జరగనివైతే కలిపే ప్రయత్నమే చేయరాదు. గొల్ల, కురుమలకు ఈ సంగతి కొత్తది కాదు. 2017లో రాష్ట్ర ప్రభుత్వం ప్రారంభించిన గొర్రెల పంపిణీ పథకంలోనూ ఒక్కో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక్కటే పొట్టేలు ఇచ్చారు. మందలో రెండు పొట్టేళ్లుంటే ఢీకొనక మానవు. మగ కుందేళ్లదీ అదే తీరు. పైగా పొట్టేళ్లు కొమ్ములతో బలం చూసుకుంటాయి. కుందేళ్లు నేరుగా కోసుకుంటాయి.

ఒకటి మగ, ఒకటి ఆడదైతే కొట్లాట తక్కువే గానీ సంతానం ఎక్కువ. చూలు 30 నుంచి 32 రోజులే. ఈనిన నాడే మళ్లీ చూలు నిలవగలదు. ఒక్కో ఈతలో ఐదు నుంచి ఎనిమిది పిల్లలు సామాన్యం. ఆరు నెలలలో ఇల్లు నిండిపోయి, చోటు చాలక కొత్త పోరాటాలు మొదలవుతాయి. శస్త్రచికిత్స చేయించిన మగ, ఆడ జంటే అన్నిటికంటే నిలకడైన స్నేహమని కుందేళ్ల పెంపకంలో అనుభవమున్నవారు, వైద్యులు చెబుతారు.

రెండూ ఆడవైతే, ముఖ్యంగా ఒకే ఈత పిల్లలైతే, తిరిగి కలిసే అవకాశం ఉంది. ఉత్తుత్తి చూలు వల్ల వచ్చిన తగవైతే ఆ మూడు వారాలు విడిగా ఉంచాలి.

గాయాలు బొచ్చు పీకడం, గీరుకోవడం వరకే పరిమితమైతే ఆశ పెట్టుకోవచ్చు. కన్ను పోయేంత, చర్మం వేలాడేంత గాయమై, అదీ ఒకటికి రెండుసార్లు జరిగితే ఆ రెంటినీ శాశ్వతంగా విడిగా ఉంచడమే దయ.

శస్త్రచికిత్స సంగతి

కోడెలకు బుర్డిజో పట్టకారుతో చేసే పద్ధతి కుందేళ్లకు పనికిరాదు. మత్తు ఇచ్చి వృషణాలను తొలగించాలి. ఆడవాటికి గర్భసంచి, అండాశయాలు తీసివేస్తారు. దీనివల్ల మరో మేలు కూడా ఉంది. శస్త్రచికిత్స జరగని ఆడ కుందేళ్లలో వయసు పైబడ్డాక గర్భసంచి క్యాన్సర్ తరచూ వస్తుంది. దాని బెడద తప్పుతుంది.

కుందేళ్లకు మత్తు ఇవ్వడంలో అనుభవం ఉన్న వైద్యుడి దగ్గరే ఈ పని చేయించాలి. మండల పశువైద్యశాలలు ప్రధానంగా పాడి పశువులు, గొర్రెలు, మేకల అవసరాలకు ఏర్పడినవి. అక్కడ ముందుగా అడిగి, వీలు లేదంటే హైదరాబాద్‌కు వెళ్లక తప్పదు. పి.వి.నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం పరిధిలోని కళాశాల రాజేంద్రనగర్‌లో ఉంది. పెంపుడు జంతువులకు చూసే ప్రైవేటు వైద్యులూ నగరంలో ఉన్నారు. నల్లగొండ, మహబూబ్‌నగర్‌ల నుంచి దాదాపు 100 కిలోమీటర్ల ప్రయాణం. వేసవిలో తెల్లవారుజామునే బయలుదేరాలి. కొట్లాడుకున్నవాటిని వేరు వేరు పెట్టెలలో తీసుకెళ్లాలి.

మనుషులకు, కుక్కలకు చేసినట్టు కుందేలును ముందురోజు రాత్రి నుంచి పస్తు ఉంచరాదు. కుందేలు వాంతి చేసుకోలేదు కాబట్టి ఆ అవసరం లేదు. పస్తు దాని పేగులకు చేటు. ఈ మాట వైద్యుడితో ముందే మాట్లాడుకోవాలి.

ఆపరేషన్ అయిన మర్నాడే కలపవచ్చనుకోవడం పొరపాటు. మగ కుందేలులో ఆ తర్వాత కూడా నాలుగు నుంచి ఆరు వారాలపాటు సంతాన శక్తి మిగిలి ఉంటుంది. కోపం చల్లారడానికీ దాదాపు అంతే కాలం పడుతుంది. ఈ గడువులో రెంటినీ విడిగానే ఉంచాలి.

కాలం చూసుకోవాలి

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో మే నెల ఎండ 44 డిగ్రీలు దాటడం కొత్త కాదు. కుందేలుకు చెమట పట్టదు. ఒంటి వేడిని ప్రధానంగా చెవుల ద్వారానే వదులుకుంటుంది. 30 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడుతుంది. 35 దాటితే వడదెబ్బ ముప్పు. కేంద్ర గొర్రెలు, ఉన్ని పరిశోధన సంస్థ దక్షిణాది ప్రాంతీయ కేంద్రంలో కుందేళ్లను పెంచేది కొడైకెనాల్ కొండల్లోని మన్నవనూరులో. ఆ చల్లదనానికి అలవాటుపడ్డ జాతులకు మన రేకుల ఇళ్ల వేడి ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

బెదురు, కొట్లాట, తరుములాట ఒంటి వేడిని మరింత పెంచుతాయి. కనుక మార్చి నుంచి జూన్ మొదటి వానలదాకా కుందేళ్లను కలిపే ప్రయత్నం మానుకోవాలి. దసరా దాటిన తర్వాత నుంచి శివరాత్రి లోపు అనువైన కాలం. అప్పుడు కూడా ఉదయం, సాయంత్రం వేళల్లోనే చేయాలి. కుందేలు సహజంగా చురుగ్గా ఉండేదీ ఆ సమయాలలోనే. నోరు తెరిచి శ్వాస తీస్తుంటే వెంటనే నీడకు చేర్చి చెవులను చల్లని నీటితో తడపాలి. మంచునీరు పోయరాదు.

మెట్టు మెట్టుగా..

మొదటి మెట్టు.. చూపు, వాసన: గాయాలు మానాక రెండు గూళ్లను ఒకే గదిలో, మధ్య జానెడు ఎడం ఉండేలా పెట్టాలి. జాలీలు ఆనితే వాటిగుండానే ముక్కులు, కాలివేళ్లు కొరుక్కుంటాయి. మేత పళ్లేలను ఎదురెదురుగా ఉంచితే ఒకదాన్ని చూస్తూ మరొకటి తింటుంది. 'అది కనిపించినప్పుడు నాకు మేత దొరుకుతుంది' అన్న భావన నెమ్మదిగా కలుగుతుంది.

రెండో మెట్టు.. గూళ్ల మార్పిడి: రోజు విడిచి రోజు ఒకదాని కింది గోనెపట్టాను, పెంటికల తట్టను రెండోదాని గూట్లో వేయాలి. తర్వాత కుందేళ్లనే ఒకదాని గూట్లో మరొకదాన్ని మార్చాలి. మొదట గడ్డం రాయడం, కాలు నేలకు కొట్టడం చేస్తాయి. వారం పదిరోజులలో పట్టించుకోవడం మానేస్తే మూడో మెట్టుకు సిద్ధమైనట్టు.

మూడో మెట్టు.. ఎవరిదీ కాని చోటు: రెంటిలో ఏదీ ఇదివరకు తిరగని స్థలం ఎంచుకోవాలి. పొరుగింటి వరండా, మేడమీది గది, స్నానాల గది ఏదైనా సరే. మన ఇళ్లలో షాబాద్ బండలు నున్నగా ఉంటాయి. వాటిపై కాళ్లు జారితే బెదురు పెరుగుతుంది. గోనె సంచులు పరవాలి. మూల చిక్కకుండా రెండు వైపులా తెరిచిన అట్టపెట్టెలు పెట్టాలి. ఒకే దారి ఉన్న పెట్టె వద్దు. లోపల ఇరుక్కున్నదానికి అది ఉచ్చవుతుంది. మేత రెండు మూడు చోట్ల విడివిడిగా వేయాలి.

మొదటిరోజు ఐదు నుంచి పది నిమిషాలు చాలు. చేట, తువ్వాల చేతికందేలా ఉంచుకుని పెద్దవారు దగ్గరే కూర్చోవాలి. ఈ పని పిల్లలకు అప్పగించరాదు. తగవు మొదలుకాకముందే, రెండూ ప్రశాంతంగా ఉన్నప్పుడే ముగించాలి. రోజూ ఒకే వేళకు చేస్తూ వ్యవధిని కొంచెం కొంచెం పెంచాలి.

నాలుగో మెట్టు.. కాపురం: గంటల తరబడి గొడవ లేకుండా ఉండటం వారంపాటు సాగాక, ఒకరోజు పగలంతా, ఆ తర్వాత రాత్రి కూడా కనిపెడుతూ కలిపి ఉంచాలి. రెండు రోజులపాటు తరుములాట లేకుంటే ఉమ్మడి గూట్లోకి మార్చవచ్చు. ఆ గూటిని ముందే బాగా కడిగి ఎండబెట్టి, లోపలి సామాన్ల అమరికను మార్చాలి. పాత గూట్లో పాత వాసనతో వేస్తే పాత తగవే తిరిగొస్తుంది.

ఈ మొత్తం వ్యవహారం కొన్నింటిలో రెండు వారాలలో తేలిపోతుంది. మరికొన్నింటికి మూడు నెలలు పడుతుంది. కారులోనో, ఆటోలోనో ఎక్కించి తిప్పితే భయంతో ఒకదాన్నొకటి హత్తుకుంటాయని, అలా కలపవచ్చని కొందరు సలహా ఇస్తారు. భయంతో దగ్గరకు చేరడం స్నేహం కాదు. మన ఎండల్లో అది ప్రాణాపాయం కూడా.

ఏది ఆట? ఏది పోరు?

ఈ పనిలో సగం నేర్పు కుందేలు ఒంటి భాషను చదవడమే.

మంచి గుర్తులు: ఒకదాని నుదురు మరొకటి నాకడం, పక్కపక్కన కాళ్లు చాపుకుని పడుకోవడం, ఒకే పళ్లెంలో తినడం, ఒకటి ఉన్న చోటే రెండోది తన ఒళ్లు శుభ్రం చేసుకోవడం. ఒకదాన్నొకటి పట్టించుకోకుండా తమ పని తాము చూసుకోవడం కూడా మంచి గుర్తే.

సహించదగినవి: కొద్దిదూరం తరమడం, మీదికెక్కడం, ఒకటి రెండు పోచల బొచ్చు పీకడం. మీదికెక్కడం పెద్దరికం చాటుకునే తీరు. ఆడవి కూడా చేస్తాయి. కిందిది ఊరుకుంటే కొన్ని క్షణాలు వదిలేయవచ్చు. తల వైపు నుంచి ఎక్కితే మాత్రం వెంటనే దింపాలి. కిందిది పొట్ట కింద, మర్మావయవాల దగ్గర కరిచే ప్రమాదం ఉంది.

వెంటనే విడదీయవలసినవి: చెవులు వెనక్కి ఒంటికి అతుక్కోవడం, తోక నిక్కబొడుచుకోవడం, గుర్రుమంటూ ముందుకు దూకడం. ఈ మూడూ కలిసి కనిపిస్తే కాటు పడబోతున్నట్టే. ఒకదాని తోకను మరొకటి అందుకోబోతూ సుడిగాలిలా గిరగిరా తిరగడం మొదలైతే క్షణం కూడా ఆగరాదు.

ఒకటి రెండు చిన్న తగవులు వస్తే ఒక మెట్టు వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాలి. రక్తం వస్తే మొదటి మెట్టు నుంచి, అదీ గాయం మానాకే.

పొసగని పక్షంలో..

అన్నీ సవ్యంగా చేసినా కొన్ని జంటలు కలవవు. అది పెంచేవారి చేతగానితనం కాదు. మూడు నెలల ప్రయత్నం తర్వాత కూడా చూడగానే మీదపడుతుంటే ఆపివేయాలి. ప్రతి ప్రయత్నంలోనూ బలహీనమైనది భయంతో కుంగిపోతుంది. మేత తగ్గుతుంది. జబ్బు పడుతుంది. మన ముచ్చట కోసం దాన్ని రోజూ హడలగొట్టడం న్యాయం కాదు.

అటువంటప్పుడు ఒకే గదిలో, మధ్య రెండు జాలీల అడ్డుతో పక్కపక్కన ఉంచడమే మేలు. ఒకదాన్నొకటి చూస్తాయి, వాసన పీలుస్తాయి, ఒకే వేళకు మేత మేస్తాయి. బయట తిరిగే సమయాన్ని వంతులవారీగా ఇవ్వాలి. రెండింటిలో ఒకదాన్ని బాధ్యత తెలిసిన మరో ఇంటికి ఇవ్వడం మరో మార్గం. అంతేగానీ ఊరి బయట చేలల్లో వదిలేయడం దాన్ని చంపడమే. పెంపుడు కుందేలుకు కుక్కల నుంచి, గద్దల నుంచి తప్పించుకునే నేర్పు లేదు. పెంపుడు జంతువును అలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

మేత తగ్గితే తగవు పెరుగుతుంది

చోటు, మేత చాలకపోవడం తగవులకు ఆజ్యం పోస్తుంది. కుందేలు మేతలో ముఖ్య భాగం ఎండుగడ్డే కావాలి. దాని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమలడం వల్లనే అవి అరుగుతాయి. గరిక, ఎండు గడ్డి మన దగ్గర సులువుగా దొరికేవే. పాలమూరు వైపు పల్లి పంట తీశాక మిగిలే కట్టెను ఆరబెట్టి కొద్దిగా పెట్టవచ్చు. అయితే బూజు వాసన వచ్చేది పనికిరాదు. పురుగుమందు చల్లిన చేలగట్ల గడ్డి తేరాదు. పశువులకు నాము తగిలే లేత జొన్న పైరును వీటికీ వేయరాదు. అన్నం, రొట్టె, బిస్కెట్లు కడుపును చెడగొడతాయి. నీటి గురిగిలు, మేత పళ్లేలు కుందేలుకొకటి చొప్పున ఉంటే సగం పేచీలు తగ్గుతాయి.

కొనేముందే ఆలోచించాలి

సరిగా చూసుకుంటే కుందేలు ఎనిమిది నుంచి పదేళ్లు బతుకుతుంది. మూడో తరగతిలో ఉన్న పిల్లవాడి కోసం కొన్నది, వాడు కళాశాలకు వెళ్లేదాకా ఇంట్లో ఉంటుందన్నమాట. కొనేముందే ఆడ, మగ ఏదో పశువైద్యుడి చేత చూపించుకోవాలి. శస్త్రచికిత్స ఎక్కడ చేస్తారో, ఎంత ఖర్చవుతుందో కనుక్కోవాలి. అవసరమైతే రెండు వేరు గూళ్లు పెట్టే చోటు ఉందో లేదో చూసుకోవాలి. ఈ మూడూ కుదరవనుకుంటే కొనకపోవడమే మంచిది.

ఇప్పటికే ఇంట్లో రెండుండి, కొట్లాడుకున్నవారు ఈరోజు చేయవలసింది ఒక్కటే. రాత్రికి వాటిని ఒకే గూట్లో వేయకుండా వేరుచేయాలి. గాయాలు చూడాలి. మేత మేస్తున్నాయో లేదో గమనించాలి. మిగతా నిర్ణయాలకు వారాల గడువుంది.